మైలపడ్డ లెన్స్

మీ చేతిలోని ఫోన్ మనిషి కన్నును తనంతట తానే వెతికి పట్టుకుంటుంది. అందుకే నేను చెప్పబోయే గొడవ మీకు పాతకాలపు ముచ్చటలా అనిపించవచ్చు. మరీ పాతదేమీ కాదు. లోపల అద్దం ఉండే డిజిటల్ కెమెరాలు పెండ్లి మండపాలను ఏలిన రోజులవి. అప్పట్లో మంచి కెమెరాకు మంచి లెన్స్ తగిలించినా, రెండూ విడివిడిగా నిక్షేపంలా ఉన్నా, కలిసినప్పుడు పొసగేవి కావు. పెండ్లికూతురి కంటిమీద నిలిచానని కెమెరా అనుకునేది. ఫోటోలో చూస్తే కన్ను మసక, చెవికమ్మ తళతళ. ఆ వెంట్రుకవాసి తేడాను సాఫ్ట్‌వేర్‌తో కొలిచి దిద్దడం నా పని. వయసు నా సొంత కళ్ళనే మసక చేసేదాకా నంద్యాలలో ఆ పని చేసుకుని బతికాను.

పని చెప్పడానికి చిన్నది. గోడకు నల్లగళ్ళ అట్ట ఒకటి తగిలిస్తాం. ఎదురుగా స్టాండు మీద కెమెరా, దానికొక కేబుల్, కేబుల్ చివర లాప్‌టాప్. సాఫ్ట్‌వేర్ ఆ కెమెరా చేత మళ్ళీ మళ్ళీ ఫోకస్ చేయిస్తుంది. ప్రతిసారీ సవరణను కొంచెం ముందుకో వెనక్కో జరుపుతుంది. తీసిన ప్రతి ఫోటో ఎంత స్పష్టంగా ఉందో కొలిచి, తెరమీద ఒక చుక్క పెడుతుంది. చుక్కలన్నీ కలిసి గుట్టలా లేస్తాయి. గుట్ట కొన ఎక్కడ ఉందో అదే సరైన సవరణ. ఆ అంకెను కెమెరా జ్ఞాపకంలో ఉంచితే, ఆ లెన్స్ తగిలించినప్పుడల్లా కెమెరా దాని ప్రకారం తనను తాను దిద్దుకుంటుంది. ఇందులో మంత్రం లేదు, చేతివాటం లేదు. ఎవరు చేసినా, ఎన్నిసార్లు చేసినా అదే ఫలితం రావాలి. రాకపోతే ఎక్కడో కారణం ఉంది. ఆ కారణం దొరికేదాకా మనిషి నిద్రపోకూడదు. నా మతం ఏదైనా ఉంటే అదే.

నాకు ఇంకో పని కూడా ఉండేది, రూపాయి రానిది. కుర్రతనం నుంచీ హేతువాద సభల్లో మాట్లాడేవాణ్ణి. జాతకాల మీద, దిష్టి మీద, చేతబడి మీద, శకునాల మీద ఎదుటివాడు గుటకలు మింగేదాకా వాదించేవాణ్ణి. చప్పట్లు బాగా పడేవి. చప్పట్లు కొట్టినవాళ్ళే ఇంటికి పోయి గుమ్మానికి బూడిదగుమ్మడికాయ వేలాడదీసేవాళ్ళు. అది నాకు తెలుసు. తెలిసీ, వచ్చే సభలో గొంతు ఇంకా పెంచేవాణ్ణి.

దుకాణంలో నా భాగస్వామి నాకు పూర్తిగా ఎదురు. నుదుట విభూతి లేనిదే షట్టర్ ఎత్తడు. సోమవారం మహానంది పోయి వచ్చాకే దుకాణంలో కాలు పెడతాడు. గిరాకీతో మాట్లాడటం అతని వంతు, సామాను విప్పడం నా వంతు. పొత్తు పెట్టుకున్న మొదటి రోజే ఒప్పందం చెప్పేశాడు.

"నీకు దేవుడు వద్దు. నాకు నీ ఉపన్యాసం వద్దు. ఇద్దరికీ గిరాకీ కావల్ల. నోరు మూసుకోని పని చేసుకుందామప్పా."

అతను తన నోరు మూసుకున్నాడు. నేను మూసుకోలేకపోయాను. అయినా పొత్తు చెడలేదు.

అట్లాంటి దుకాణానికి ఆళ్లగడ్డ నుంచి ఒకామె వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. తండ్రి నడిపిన స్టూడియోను ఆయన తరువాత తానే పట్టుకుంది. పెండ్లిళ్ళకు తానే పోతుంది, తానే తీస్తుంది. ఆడమనిషి కెమెరా పట్టుకుని మండపం మీద తిరగడమేమిటని మొదట్లో నవ్వినవాళ్ళు, ఫోటోలు చూశాక నవ్వడం మానుకున్నారు. ఆమె సంచిలోంచి ముఖాలు తీసే పోర్ట్రెయిట్ లెన్స్ ఒకటి తీసి, పసిబిడ్డను దించినట్టు నా బల్లమీద పెట్టింది.

"అన్నా, దీనికేమైందో సూడు. కన్ను మీద పెడ్తాండా, చెవి మీద పడ్తాండాది. ఊర్లో ఏమంటాండారో తెల్సునా? శవాన్ని సూసిన కన్ను పెండ్లికూతుర్ని సూడలేదంట."

"ఎవరన్నారమ్మా?"

"ఎవరనలేదో అడుగన్నా, గబుక్కున చెప్తా."

సంగతి ఇది. మా ప్రాంతంలో ఇంటి పెద్దలు పోతే, శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి, చుట్టూ కొడుకులు, కోడళ్ళు, మనవళ్ళు నిలబడి చివరి ఫోటో ఒకటి తీయించుకుంటారు. ఆ ఫోటో నట్టింట్లో తగిలించుకుంటారు. అందులో నాకు ఏ అభ్యంతరమూ లేదు. అయితే ఆ ఫోటో తీసిన కెమెరాను ఎవరూ పెండ్లికి తీసుకుపోరు. ప్రతి స్టూడియోలోనూ దీనికోసం ఒక పాత కెమెరా వేరే మూలన పడి ఉంటుంది. దాన్ని చావు కెమెరా అనే అంటారు. శిరివెళ్ల పక్క పల్లెలో ఒక రైతు ఇంట్లో ముసలాయన పోతే ఈమెను పిలిచారు. పోయి చూసుకుంటే చావు కెమెరాకు చార్జింగ్ లేదు. పాడె సిద్ధంగా ఉంది, బంధువులు తొందరపడుతున్నారు. ఆమె సంచిలో ఉన్న పెండ్లిళ్ళ కెమెరా తీసి, ఈ లెన్స్‌తోనే ఆ ఫోటో తీసింది. ఇంటివాళ్ళు వద్దనలేదు. చూసినవాళ్ళు మాత్రం చూశారు.

తరువాతి పెండ్లిలోనే ముఖాలన్నీ మసకబారాయి. ఆ తరువాతి పెండ్లిలోనూ అంతే. ఒప్పుకున్న రెండు పెండ్లిళ్ళు చేజారిపోయాయి. ఇక మిగిలింది ఆళ్లగడ్డలో బట్టల వ్యాపారి ఇంటి పెండ్లి. ఊరంతా వచ్చే పెండ్లి అది. ఆ వ్యాపారి తన కూతురి పెండ్లి ఈమెకే అని మాట ఇచ్చి, ఇప్పుడు కాస్త ఆగి చూద్దామంటున్నాడు.

"ఆయప్ప కూడా వద్దంటే ఇంక నన్నెవరూ పిలవరన్నా. మా నాయన స్టూడియోను నా చేత్తో మూసేసినట్టయితాది," అంది.

నేను ఉపన్యాసం మొదలుపెట్టబోయి, అంతకంటే పనికొచ్చే ప్రశ్న ఒకటి గుర్తొచ్చి ఆగాను. "శవం ఫోటో సంగతి అటుంచు. ఆ వారంలో ఇంకేం మారింది?"

ఆమె తటపటాయించింది. "ఎవురికీ చెప్పలేదన్నా. ఆ ఫోటో తీసిన రెండ్రోజులకు కెమెరా షట్టర్ పాయె. బెంగుళూరు నుంచి వేరే కెమెరా తెప్పించుకున్యా."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే షట్టర్ గూడా శవాన్ని సూసే పాయెనంటారు గదన్నా!"

చూశారా? ఒకే వారంలో రెండు సంగతులు జరిగాయి. ఒక శవం, ఒక కొత్త కెమెరా. లెన్స్ అదే, కెమెరా వేరు. పొసగకపోవడానికి అంతకంటే కారణం ఏం కావాలి? కానీ ఊరికి శవం ఒక్కటే తెలుసు. రెండోది తెలిసిన ఏకైక మనిషి భయపడి దాచుకుంది. మూఢనమ్మకం తప్పుడు జవాబు ఇవ్వడంతో ఊరుకోదు. సరైన జవాబుకు దారితీసే సాక్ష్యాన్ని కూడా ముందే దాచేయిస్తుంది.

అట్ట తగిలించాం, కేబుల్ పెట్టాం. లాప్‌టాప్ తెరమీద చుక్కలు ఒక్కొక్కటే పడ్డాయి. గుట్ట చక్కగా లేచింది. కాకపోతే కొన నడిమధ్యలో కాకుండా బాగా ఒక పక్కకు ఉంది. కొత్త కెమెరాకూ పాత లెన్స్‌కూ ఉన్న తేడా అదే. అంకె కెమెరాలో పెట్టి, నా భాగస్వామిని వాకిట్లో నిలబెట్టి ఆమె చేత ఫోటో తీయించాను. విభూతి రేఖల్లో పొడి రేణువులు కూడా లెక్కపెట్టుకోవచ్చు.

అతను తెరలోకి తొంగి చూసి ముఖం ముడిచాడు. "నా మొకంలో ఇన్ని ముడతలుండాయా? మసగ్గా ఉన్నప్పుడే బాగుండె గదమ్మా!"

ఆమె ఆ రోజు నవ్వుకుంటూ బస్సెక్కింది. నేను మీసం దువ్వుకున్నాను.

వారం తిరగకముందే ఫోన్ వచ్చింది. ఒక నిశ్చితార్థానికి పోయిందట. ఫోటోలు మళ్ళీ చెడ్డాయి. ఇదివరకైతే ఎప్పుడూ చెవిమీదే పడేది. ఇప్పుడు ఒక లెక్కంటూ లేదు. ఒక ఫోటోలో కన్ను బాగుంటుంది, ఇంకోదాంట్లో ముక్కు, ఇంకోదాంట్లో వెనకాల ఉన్న స్తంభం.

"కంప్యూటర్ కూడా ఓడిపాయెనంటాండారన్నా," అంది ఫోన్లో. గొంతులో ఏడుపు లేదు, అలసట ఉంది. "ఆ వ్యాపారి శుక్రవారం రమ్మన్యాడు. ఆ రోజు అవునో కాదో చెప్తాడంట."

మర్నాడే లెన్స్, కెమెరా తీసుకుని మళ్ళీ నంద్యాల వచ్చింది. మళ్ళీ అట్ట, మళ్ళీ కేబుల్. గుట్ట మళ్ళీ అంతే చక్కగా లేచింది. కొన అక్కడే ఉంది. మేం పెట్టిన అంకెకు కొంచెం కూడా తేడా లేదు. చేతిలో పట్టుకుని తీయించాను, వాకిట్లో తీయించాను, దుకాణం లోపలి చీకట్లో తీయించాను. అన్నీ కత్తిలా ఉన్నాయి. బ్యాటరీ మార్చి చూశాను. కార్డు మార్చి చూశాను. నంద్యాలలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

"నంద్యాలలో బాగుండి ఆళ్లగడ్డలో చెడిపోతాదా లెన్స్? దానికేమన్నా ఊరు తెలుస్తాదా?" అని అరిచాను, ఎవరి మీదో తెలియకుండానే.

"అరవద్దప్పా, గిరాకీ భయపడ్తాది," అన్నాడు నా భాగస్వామి, కాఫీ గ్లాసు నా ముందు పెడుతూ.

చేతులు ఊరికే ఉండలేక లెన్స్ తుడవడం మొదలుపెట్టాను. అది పాత రకం లెన్స్. ఆటోఫోకస్ చేసేటప్పుడు దాని రింగు కూడా బయటికి కనిపించేలా తిరుగుతుంది. ఆ రింగు మీది రబ్బరు గాడుల్లోంచి దూది తీస్తే పచ్చగా వచ్చింది. తుప్పు కాదు, గ్రీజు కాదు. నేను దూది వెలుగులో పెట్టి చూస్తుంటే నా భాగస్వామి పక్కకొచ్చి వంగి, వాసన చూసి, పకపకా నవ్వాడు.

"ఇది తెలీదా నీకు? పసుపు! ఏమ్మా, లెన్స్‌కు తాడు కట్టినారా?"

ఆమె ముఖం ఎర్రబడింది. తలవంచుకుని చెప్పింది. "మా అత్త కట్టిందన్నా. రెండో పెండ్లి ఫోటోలు గూడా చెడిపోయినాక దిష్టి తీసి, పసుపు తాడు కట్టింది. ఈడికి వచ్చేటప్పుడు ఇప్పేసి పొమ్మన్యాది. ‘ఆ నాస్తికుడు సూసినాడంటే పొద్దుగూకేదాకా వదలడు, వచ్చినాక మళ్ళా కట్టుకుందాం’ అని."

నోరు తెరిచాను. బల్ల కింద నా భాగస్వామి కాలు నా కాలిమీద బలంగా పడింది. అతని కళ్ళు స్పష్టంగా చెప్పాయి: ఒక్క మాట మాట్లాడావంటే చూడు. ఆ నొప్పిలో నాకో సంగతి వెలిగింది. ఇన్నేళ్ళ నా ప్రసంగాల ఫలితం ఇదీ. జనం తాళ్ళు కట్టుకోవడం మానలేదు. నా దగ్గరికి వచ్చేటప్పుడు విప్పి సంచిలో పెట్టుకోవడం నేర్చుకున్నారు.

"ఆ తాడు ఉందా తల్లీ?" అని అడిగాను.

సంచిలోంచి కాగితం పొట్లం తీసింది. ముతక నూలు తాడు, పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టింది.

"ఇంట్లో ఎట్లా కడతారో అట్లాగే కట్టు."

ఆమె నన్ను వింతగా చూసింది. నా భాగస్వామి అంతకంటే వింతగా చూశాడు. నాస్తికుని దుకాణంలో నాస్తికుడే తాడు కట్టమనడం! ఆమె కట్టింది. సగం తాడు తిరిగే రింగు మీద, సగం తిరగని గొట్టం మీద, రెండింటినీ కలిపి బిగుతుగా. కేబుల్ పెట్టి సాఫ్ట్‌వేర్‌ను నడిపించాను. ఇంతకు ముందు సన్నగా జుర్రుమని తిరిగిన మోటారు ఇప్పుడు మూలిగింది. రింగు కొంతదూరం పోయి ఆగుతోంది. ఒకసారి గమ్యం దాకా పోతోంది, ఒకసారి ముందే చతికిలపడుతోంది. తెరమీద గుట్ట లేదు. ఆవాలు చల్లినట్టు చుక్కలు చిందరవందరగా పడ్డాయి.

విప్పించాను. గుట్ట లేచింది. మళ్ళీ కట్టించాను. ఆవాలు.

ఆమె లెన్స్ మీది తాడును వేలితో మీటింది. "అంటే దిష్టి పోవల్లని కట్టినదే దిష్టి అయ్యిందా?" అని గట్టిగా నవ్వేసింది. వెంటనే నవ్వు ఆపి అంది. "మా అత్తను ఏమీ అనొద్దన్నా. నా గిరాకీ యాడ పోతాదోనని నాకంటే ఆమే ఎక్కువ భయపడింది."

అంటే తప్పులు రెండు. మొదటిది కొత్త కెమెరాది. దాన్ని మేం దిద్దాం. రెండోది, మొదటి తప్పును పోగొట్టడానికి కట్టిన తాడుది. అది విప్పితే పోయేది. కానీ ఎవరు విప్పాలి? ఈమె విప్పితే ఇంట్లో గొడవ. నేను విప్పమంటే ఊరంతా గొడవ. పైగా వ్యాపారి నమ్మాలి. మాటతో కుదిరే పని కాదు. శుక్రవారం అట్ట, స్టాండు తీసుకుని మేమే ఆళ్లగడ్డ పోవాలని తేల్చుకున్నాం.

నా భాగస్వామి కూడా బయలుదేరాడు. "నువ్వొక్కనివే పోతే కొట్లాటయితాది," అన్నాడు. బస్సులో స్టాండును మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుంటే, శిరివెళ్ల దాటేలోపు నాచేత మాట తీసుకున్నాడు. అక్కడ నేను ప్రసంగించకూడదు. అడిగితే తప్ప నోరు తెరవకూడదు. పని ఆమే చేయాలి, మాట ఆమే మాట్లాడాలి. ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

బట్టల దుకాణం మిద్దె పైనే వ్యాపారి ఇల్లు. ముందరి గది పెద్దది, కిటికీల్లోంచి వెలుతురు ధారాళంగా వస్తోంది. వ్యాపారి ఉన్నాడు, ఆయన ముసలితల్లి కుర్చీలో కూర్చుని ఉంది. పిలిపిస్తే మా ఫోటోగ్రాఫర్ వాళ్ళత్త కూడా వచ్చి ఒక పక్కన నిలబడింది. నన్ను చూసి మూతి తిప్పుకుంది. దుకాణంలోని పనివాళ్ళు, ఎదురింటివాళ్ళు తలుపు దగ్గర గుమిగూడారు.

మా ఫోటోగ్రాఫర్ గోడ మీది క్యాలెండర్ తీసి ఆ మేకుకు నల్లగళ్ళ అట్ట తగిలించింది.

"ఏందమ్మా ఇది, కండ్ల డాక్టర్ కాడ ఉన్నట్టుండాది?" అన్నాడు వ్యాపారి.

"అదే అనుకోప్పా. లెన్స్‌కు కంటి పరీక్ష. ముందు మా అత్త రోజూ కట్టేటట్టే తాడు కట్టి సూపిస్తా." అత్త వైపు తిరిగి, "నువ్వే కట్టత్తా," అంది.

"నాచేతనే ఎందుకు కట్టిస్తాండావే? ఏందీ నాటకం?" అంటూనే అత్త ముందుకొచ్చి శ్రద్ధగా, కళ్ళకద్దుకుని మరీ కట్టింది. చుక్కలు చిందరవందరగా పడ్డాయి.

"ఇప్పుడు ఇప్పత్తా."

"ఇప్పను." అత్త చేతులు వెనక్కి పెట్టుకుంది. "ఇప్పినాక ఏమన్నా అయితే? ఉన్న ఒక్క పెండ్లీ పోతే? నువ్వు ఏడిస్తే సూసేది నేను గదా!"

నా గొంతులో ఒక సభకు సరిపడా మాటలు తోసుకొచ్చాయి. పళ్ళు బిగించాను. అప్పుడు నా భాగస్వామి ముందుకు పోయి తన మణికట్టుకున్న నల్లతాడు చూపించాడు.

"అక్కా, నేనూ కట్టుకుంటా. మనిషికి కట్టు, నేను కాదనను. తిరిగేదానికి కట్టినావంటే తిరగదు. కుట్టుమిషన్ చక్రానికి కడ్తావా?"

ఆ మాటల్లో సగం నేను జన్మలో ఒప్పుకోను. మనిషికి కట్టినా ఏమీ రాదని అక్కడికక్కడే నిరూపించగలను. ఊరుకున్నాను. నా జీవితంలో నేను చేసిన తపస్సు ఏదైనా ఉంటే ఆ రెండు నిమిషాలే.

అత్త ఆలోచించింది. నెమ్మదిగా ముడి విప్పింది. మోటారు హాయిగా తిరిగింది. చుక్కలు ఒకదాని పక్కన ఒకటి పేర్చినట్టు పైకెక్కి, కొన దాకా పోయి, కిందికి దిగాయి.

"ఇదేందీ, కొండ మాదిరి లేచె?" అని అత్త తెరమీద వేలు పెట్టింది. తరువాత ఆమె చేసిన పనిని నేను ఏ సభలోనూ చూడలేదు. ఎవరూ చెప్పకుండానే, "ఉండండి, మళ్ళా కట్టి సూస్తా," అంది. కట్టింది. ఆవాలు. విప్పింది. కొండ. ఇంకోసారి, ఈసారి వదులుగా కట్టింది. సగం కొండ, సగం ఆవాలు. "ఓహో," అంది. అనుమానం వస్తే మళ్ళీ చేసి చూడటం, ఒక్కొక్కటే మార్చి చూడటం. పుస్తకాలు పట్టుకుని నేను గొంతు చించుకుని చెప్పింది ఆమె ఒక పూటలో, చేతులతో, ఎవరినీ తిట్టకుండా చేసేసింది. ఆఖరికి ఆ తాడు తీసి తన చేతికే కట్టుకుంది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

వ్యాపారి గడ్డం నిమురుకున్నాడు. "తాడు సంగతి తేలె. సరే. శవం సంగతో?"

ఆమె కొత్త కెమెరా సంగతి చెప్పబోయే లోపల కుర్చీలోంచి ఆయన తల్లి గొంతు వినిపించింది. "నన్ను తియ్యమ్మా దాంతో. నాకేమైతాదో సూద్దాం. ఎట్లా పోయేదాన్నే గదా."

"ఊరుకోమ్మా," అన్నాడు కొడుకు.

"నువ్వూరుకోరా. నాకు మంచి ఫోటో ఒక్కటీ ల్యా."

అవ్వను కిటికీ పక్కకు తిప్పి, ఫోటోగ్రాఫర్ నేలమీద మోకాళ్ళ మీద కూర్చుని, కొంచెం ఊపిరి బిగబట్టి తీసింది. లాప్‌టాప్ తెరనిండా అవ్వ ముఖం తేలింది. ఒక్కో రెప్పవెంట్రుక, ముక్కుపుడక ఎర్రరాయి అంచు, నవ్వబోయి ఆగిన పెదవి. కంటిపాపలో కిటికీ, ఆ కిటికీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్న ఫోటోగ్రాఫర్ కూడా కనిపించింది. గుమ్మం దగ్గరివాళ్ళు ఒకరినొకరు తోసుకుని లోపలికొచ్చారు.

"నేనింకా ఇంత బాగుండానా?" అంది అవ్వ. ఎవరూ నవ్వలేదు. నిజంగానే అంత బాగుంది.

వ్యాపారి మెత్తబడ్డాడు. "సరేమ్మా, పెండ్లి నీదే. ఒకటే మాట. ఈ లెన్స్ ఇంక చావులకు తీసకపోనని అందరి ముందరా చెప్పు. అంతే సాలు."

ఎంత చిన్న మాట! అవునంటే అయిపోతుంది. స్టూడియో నిలబడుతుంది, ఊరి నోరు మూతపడుతుంది. నా భాగస్వామి అవునను అవునను అని తల ఊపుతున్నాడు. అత్త కళ్ళతో బతిమాలుతోంది. నిజం చెప్పాలంటే, ఒప్పుకుంటే పోతుంది కదా అని నాకూ అనిపించింది.

ఆమె లెన్స్‌కు మూత పెట్టి లేచి నిలబడింది.

"ఆ మాట చెప్పలేనప్పా. ఆ ముసలాయన ఫోటో వాళ్ళ నట్టింట్లో ఉండాది. నేను తీసినవాటిలో అంత బాగా వచ్చింది ఇంకోటి ల్యా. వాళ్ళకు ఉండేది అదొక్కటే. పెండ్లి ఫోటో బాగల్యాకపోతే ఇంకోసారి నిలబడి తీసుకోవచ్చు, ఆయప్పను మళ్ళా కూర్చోబెట్టేకి అయితాదా? అట్లాంటిదానికి పనికిమాలిన కెమెరా తీసకపోయి, మంచిది ఇంట్లో దాచుకోమంటావు. రేపు ఎవరు పిల్చినా ఇదే తీసుకోని పోతా. నీకిష్టమైతేనే నన్ను పిలువు."

వ్యాపారి ముఖంలో కోపం వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. అత్త చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వ్యాపారి తన తల్లి వైపు చూశాడు.

అవ్వ ఇంకా తెరలోని తన ముఖాన్నే చూసుకుంటోంది. "మంచి మాట చెప్పినావు పాపా. పెండ్లి బాగా తియ్యి. నాకూ దాంతోనే తియ్యి, రేపో ఎల్లుండో. ఆ పాత డబ్బా తెచ్చినావంటే లేసి కూర్చుంటా."

ముందు నవ్వింది వ్యాపారే. తరువాత గదంతా నవ్వింది. ఆయన లోపలికి పోయి, పళ్ళెంలో ఆకువక్క, పండ్లు పెట్టుకుని తానే వచ్చి, మొదట అత్తకు, తరువాత కోడలికి తాంబూలం ఇచ్చాడు. మా వైపు చూసి, "మీరూ పెండ్లికి రావల్లప్పా," అన్నాడు. నా భాగస్వామి నా తరఫున కూడా తానే తల ఊపాడు.

తిరుగు బస్సులో నా భాగస్వామి టికెట్లు తీసుకున్నాడు. నా పక్కన కూర్చుని అన్నాడు. "నీకంటే బాగా మాట్లాడిందప్పా."

"నాకంటే తక్కువ మాట్లాడింది," అన్నాను.

పెండ్లికి పోయాం. తలంబ్రాలప్పుడు మండపం మీద ఆమె అటూ ఇటూ దూకుతూ తీస్తుంటే, ఎదుటి వరసలో అత్త కూర్చుని పక్కవాళ్ళకు ఫోకస్ అంటే ఏమిటో, అది ఎందుకు తప్పుతుందో వివరిస్తోంది. సగం తప్పు చెప్పింది. నేను దిద్దలేదు. ఆల్బం వచ్చాక చూశాను. గాలిలో ఎగిరిన బియ్యపుగింజలు మసక. వాటి వెనక పెండ్లికూతురి కళ్ళు, నవ్వుకు చికిలించినవి, కాటుక గీతతో సహా స్పష్టం. ఏ గింజ మీదా చిక్కుకోకుండా లెన్స్ నేరుగా ఆ కళ్ళనే పట్టుకుంది.

ఇప్పుడు సభల్లో మాట్లాడే మీలో చాలామంది నాకంటే చురుకైనవాళ్ళు, నాకంటే బాగా వాదిస్తారు. వాదించండి, నేను వద్దనను. కానీ ఎదుటిమనిషి మీ ముందు తాడు విప్పి దాచుకుంటోందంటే, మీరు గెలవలేదు, మీకు సాక్ష్యం అందకుండా పోయింది అంతే. ఆమె తన తాడును మీ బల్లమీద తనే పెట్టేలా ఉండండి. తరువాతి పని యంత్రం చేస్తుంది, కొన్నిసార్లు అత్తలు చేస్తారు.

కొన్ని నెలలకు వేరే పనిమీద ఆళ్లగడ్డ పోయి, స్టూడియో ముందర బస్సు దిగాను. కొత్త బోర్డు పెట్టింది. పేరు కింద పెద్ద అక్షరాలతో రాయించింది: "పెండ్లిళ్ళకూ, చావులకూ ఒకటే కెమెరా, ఒకటే లెన్స్." రాసిన పెయింటర్ ఆ రెండు మాటలూ ఒకే వరసలో రాయనని మొండికేస్తే, అత్త దగ్గరుండి రాయించిందట. కొడుకు పెండ్లికి ఫోటోగ్రాఫర్‌ను మాట్లాడుకుందామని వచ్చిన పల్లెటూరి ఆసామి ఒకాయన ఆ వరసను పైకి చదివి, మెట్టు మీద ఆగిపోయాడు. ఒక కాలు పైన, ఒక కాలు కింద.

గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చున్న అత్త అతన్ని ఎగాదిగా చూసింది.

"ఏం నాయనా, సదివినావు గదా. ఉన్నదే రాసినాం. చెప్పులిడిసి లోపలికి రా, పెండ్లెప్పుడో చెప్పు."

ఆయన ఒక్క క్షణం బోర్డు వైపు, ఒక్క క్షణం ఆమె వైపు చూశాడు. తరువాత చెప్పులు విడిచి లోపలికి పోయాడు.